సారం తీసిన ఉలవలు

ముందే ఒట్టు పెట్టుకుంటున్నాను. ఇందులో ఆవగింజంత అబద్ధం ఉన్నా నాకు మిగిలిన నాలుగు పళ్ళూ సాయంత్రం లోపల రాలి చాయ్ కప్పులో పడాలి. నేను గోరంతని కొండంత చేస్తానని ఈ వీధిలో పేరు. కాదనను. కానీ ఈ కథ దానంతటదే కొండంత. దీన్ని చెక్కి, చెక్కి, గుమ్మంలో పట్టేంత చేసి చెప్తున్నాను. నువ్వు మోండా మార్కెట్‌కి బయల్దేరానన్నావు కాబట్టి గుర్తొచ్చింది. సంచి పక్కన పెట్టి కూర్చో. మార్కెట్ ఎక్కడికీ పోదు.

సీతాఫల్‌మండిలో రైలు పట్టాల వైపు సందులో, ఆకుపచ్చ గేటున్న రెండంతస్తుల ఇల్లు కామేశ్వరమ్మది. కోనసీమ నించి ముప్ఫై ఏళ్ళ కింద వచ్చింది. భర్త పోయాక పచ్చళ్ళు, ఉలవచారు చేసి అమ్ముతూ కూతురు శ్రీలలితని చదివించుకుంది. ఆ పిల్ల ఇప్పుడు మెట్రో స్టేషన్‌లో టికెట్లిస్తుంది. కామేశ్వరమ్మకి లోకంలో ఉన్నది ఆ ఒక్కతే. మిగిలిన లోకమంతా అనుమానం.

అలాంటిలాంటి అనుమానం కాదు. నూనె డబ్బా మీద బొగ్గుతో గీత గీసేది. ఆవకాయ జాడీ వాసెనకి మూడు ముళ్ళు వేసి, ఆ ముళ్ళని ఫోటో తీసి ఫోన్‌లో దాచుకునేది. పాలవాడు పోస్తుంటే ఆవిడ చూసే చూపుకి పాలు గిన్నెలో పడకముందే విరిగేవి. ఎండలో నడుస్తూ, నా వెంట ఎందుకొస్తున్నావని తన నీడని నిలదీసిందని కూడా అంటారు. అది మాత్రం నేను చూడలేదు.

పై వాటాలో అల్లాఉద్దీన్ అద్దెకుండేవాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, తాటిచెట్టంత పొడుగు. గుమ్మంలో ముందు తల కనిపిస్తే మిగిలిన మనిషి రావడానికి అర నిమిషం పట్టేది. ఒంటరివాడు. అద్దె ఒకటో తారీఖునే ఇచ్చేవాడు, గొంతెత్తి మాట్లాడేవాడు కాదు. కామేశ్వరమ్మకి అందుకే అనుమానం. ఇంత మంచివాడు ఊరికే ఉంటాడా?

పైగా ఆ మనిషికో అలవాటు. రోజూ పొద్దున్నే ఇనప బక్కెట్‌లో ఉలవలు నానబోసేవాడు. కాస్త బెల్లం కలిపి, మధ్యాహ్నం మెట్ల మలుపులో పెట్టేవాడు. పదిమంది తిన్నా మిగిలేన్ని ఉలవలు. సాయంత్రానికి బక్కెట్ కడిగినట్టు ఉండేది.

ఇక మధ్యాహ్నం మూడయ్యేసరికి మెట్ల మీద మొదలయ్యేది.

టక్... టక్... టక్... ఆ తర్వాత గచ్చు మీద ఏదో ఈడ్చినట్టు, జర్ర్...

మళ్ళీ టక్... టక్... టక్... జర్ర్...

"మేక," అంది కామేశ్వరమ్మ మొదటి వారం. "దొంగతనంగా మేకని పెంచుతున్నాడు."

"మేక అరవదా అమ్మా?" అంది శ్రీలలిత.

"నోరు కట్టేసుంటాడు."

రెండో వారం ఉలవల్తో సారా కాస్తున్నాడంది. మూడో వారం టీవీలో ఎవరో పాము విషం సీసాలతో దొరికారని వార్త వచ్చింది. ఇంకేముంది, ఆవిడకి తిండి సయించలేదు. అల్లాఉద్దీన్ గదిలో పెట్టెనిండా తాచుపాములున్నాయనీ, రాత్రిళ్ళు వాటికి పాలు పిండినట్టు విషం పిండుతున్నాడనీ తేల్చేసింది.

"అమ్మా, నీ పోలీసు పని ఆపు. చాచా చీమని కూడా పక్కకి జరిపి నడుస్తాడు," అంది శ్రీలలిత.

"చీమని జరిపేవాడే పాముని పెంచేది," అంది ఈవిడ. ఆ మాటకి అర్థం నన్నడక్కు.

ఒకరోజు మూడింటికి, ఆ చప్పుడు మలుపు దాకా వచ్చి ఆగగానే, కామేశ్వరమ్మ ఒక చేత్తో చీపురు, ఇంకో చేత్తో అద్దె కాగితం పట్టుకుని మెట్లెక్కింది. మలుపులో ఎవరూ లేరు. బక్కెట్ మాత్రం ఖాళీ. అంచు చుట్టూ నురగ. వేలితో తాకింది. వెచ్చగా ఉంది. తడిగడ్డి వాసన, చెమట వాసన... వాటి అడుగున ఆసుపత్రిలో సూది వేసేముందు రాసే మందు వాసన.

పై మెట్టు మీద అల్లాఉద్దీన్ కూర్చుని ఉన్నాడు.

"భాయ్, జంతువుల్ని పెంచకూడదని కాగితంలో రాసుకున్నాం."

"నేనేం పెంచుతలేనమ్మా."

"మరి ఈ బక్కెట్ నాకిందెవరు? నువ్వా?"

"అది వస్తది. తింటది. పోతది. నేను పెంచేది కాదు."

"ఏది?"

"బాదం," అన్నాడు. "జెర కూసోండ్రి. చెప్తా."

కామేశ్వరమ్మ కూర్చోలేదు. చీపురు కూడా దించలేదు. అతను చెప్పాడు.

ఊరవతల గుర్రాల ఫారంలో ముప్ఫైనాలుగేళ్ళు పనిచేశాడట. పాముకాటుకి మందు తయారయ్యేది ఆ గుర్రాల ఒంట్లోనే. "ఫస్టు రోజు ఆవగింజల పదో వంతు విషం సూదితోని ఎక్కిస్తరమ్మా. గుర్రం తట్టుకుంటది. తర్వాత ఇంకింత. ఇంకింత. నెలలు పోతే మనిషిని సంపేటంత విషం ఎక్కించినా గడ్డి నములుకుంట నిలబడతది. అప్పుడు మెడల కెల్లి రక్తం తీస్తరు. ఎర్రది అడుగుకు పోతది, పైన తేట నిలుస్తది. మందంతా ఆ తేటలనే ఉంటది. తేట మనకు. ఎర్రది మళ్ళ గుర్రానికే ఎక్కిస్తరు."

"అంటే మా ఉలవచారు లాగన్నమాట," అంది కామేశ్వరమ్మ. "నీళ్ళు మనకి, గుగ్గిళ్ళు గొడ్డుకి."

అల్లాఉద్దీన్ నవ్వలేదు.

"బాదం నంబరు నలభై ఒకటి. ముందటి ఎడమ కాలు కుంటి. మూడు కాళ్ళు వేసి నాలుగోది ఈడుస్తది. రక్తం ఇచ్చిన గుర్రానికి మూడు గంటలకు దాణా. మొదటి పిడికెడు మేమే చేతుల పట్టుకోని తినిపియ్యాలె. అది మా రివాజు. ఆ రోజు నన్ను ఆఫీసుల పిలిచిన్రు. వచ్చేసరికి నాలుగయ్యింది. బక్కెట్ దిక్కు తల పెట్టి సచ్చిపోయున్నది. నేను పెట్టలే... అందుకే ఏడికి పోయినా నా ఎన్క వస్తది."

కామేశ్వరమ్మ మెట్లు దిగి వచ్చి, తలుపు గడియ పెట్టి, కూతురితో అంది: "ఎంత కట్టుకథ! కచ్చితంగా పాములే."

నెల తిరక్కముందే అల్లాఉద్దీన్ కంటి ఆపరేషన్‌కి జహీరాబాద్‌లో కూతురు ఖుష్నుమా దగ్గరికి బయల్దేరాడు. మూడు వారాలు. పోతూ పోతూ పెద్ద ఉలవల మూట తెచ్చి కామేశ్వరమ్మ గుమ్మంలో పెట్టాడు.

"మీకు తక్లీఫ్ ఇస్తున్న. రోజూ నాలుగు డబ్బాలు నానబెట్టి, గింత బెల్లం ఏసి, మలుపుల పెట్టుండ్రి. పచ్చియే పెట్టాలె. ఉడకబెట్టొద్దు. మరువకుండ్రి అమ్మా."

"అలాగే," అంది నోటితో.

మనసులో ఏమందో చెప్పనా? ఎవరూ తినని మెట్ల మీద మూటెడు ఉలవలు పొయ్యడమా, పాపం కాదూ, అంది. వాళ్ళ ఊళ్ళో ఉలవలు ఎద్దులకోసమే ఉడకబెట్టేవాళ్ళు. ఆ చిక్కటి నీళ్ళతో మనుషులు చారు కాచుకునేవాళ్ళు, గుగ్గిళ్ళు తొట్టిలో పోసేవాళ్ళు. ఏ ఎద్దూ ఏనాడూ వచ్చి, నా నీళ్ళేవని అడగలేదు. అదే పద్ధతి ఇక్కడా చేసింది. పైగా బోయిగూడలో కామరాజుగారింట్లో గృహప్రవేశానికి బిందెడు ఉలవచారు కావాలన్నారు. సన్నటి సెగన, మూడు నాలుగు రోజులు కట్టెల పొయ్యి మీద ఉడికితేగానీ ఆవిడ చారుకి ఆ రంగు రాదు. బోయిగూడ కట్టెల అడితి నించి మోపుల కొద్దీ కట్టెలు తెప్పించి పెరట్లో పట్టాల గోడకి పేర్పించింది. మూటలో ఉలవలు పెద్ద గుండిగలో పోసింది. సారమంతా దిగేదాకా ఉడికించి నీళ్ళు వార్చేసింది. మిగిలిన పిప్పిని ఇనప బక్కెట్‌లో వేసి మలుపులో పెట్టింది. బెల్లం వెయ్యలేదు.

మూడయింది.

టక్... టక్... టక్... జర్ర్...

కింద వంటింట్లో కామేశ్వరమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. పై వాటాలో మనిషి లేడు. మేకా లేదు. మరి ఇదేమిటి?

చప్పుడు ఆగింది. ఏదో వాసన చూస్తున్నట్టు... బుస్... బుస్... ఒక్కసారి పెద్దగా ముక్కు చీదినట్టయింది. బక్కెట్ మెట్ల మీద దొర్లుకుంటూ వచ్చి ఆవిడ తలుపుకి కొట్టుకుని ఆగింది. గుగ్గిళ్ళు ఒక్కొక్క మెట్టునా, పై మెట్టు నించి కింది మెట్టు దాకా. ఒక్కటి కూడా తినలేదు.

"పిల్లులు," అంది కామేశ్వరమ్మ.

రెండో రోజూ పిప్పే పెట్టింది. ఈసారి బక్కెట్ దొర్లలేదు. సాయంత్రం చూస్తే, దింపినట్టు నెమ్మదిగా, ఆవిడ గుమ్మం మధ్యలో ఉంది. ఒక్క గింజ ఒలకలేదు.

"శ్రీలలితా, నువ్వేనా?"

"నేనిప్పుడేగా డ్యూటీ దిగి వచ్చాను!"

ఆ రాత్రి కామేశ్వరమ్మ కూతుర్ని కూడా అనుమానించింది చూడు, అంతకంటే ఏం చెప్పను. మూడో రోజు బక్కెట్ వంటింట్లోనే ఉంది. చారు గుండిగ పక్కన. గుండిగ మూత తీసి కింద పెట్టి ఉంది. లోపల చారు మీద మీగడలా కట్టిన పొర మధ్యలో గుండ్రంగా ఒక గుంట, ఎవరో మూతి పెట్టబోయి ఆగినట్టు. తలుపుకి గడియ వేసినది వేసినట్టే ఉంది.

అప్పటికైనా మానాలా? మానలేదు. గుండిగకి మూత పెట్టి, దాని మీద రుబ్బురోలు పొత్రం పెట్టింది.

నాలుగో రోజు పొద్దున ఆరున్నర. పొయ్యిలోకి కట్టెలు అయిపోయాయి. "కాసిని కట్టెలు లాగి ఇలా పడెయ్యవే, చారు చల్లారిపోతోంది," అంది కామేశ్వరమ్మ. శ్రీలలిత పళ్ళు తోముకుంటూ వెళ్ళి గోడ దగ్గర మోపులోంచి కట్టె లాగింది.

కుక్కర్ ఈల వేసినట్టు ఒక బుస. అంతే.

"అమ్మా... ఏదో గుచ్చుకుంది."

మోపు సందులోంచి, గొలుసు మచ్చలున్న లావుపాటి శరీరం ఒకటి మెల్లగా గోడ కన్నంలోకి జారిపోయింది. రక్తపింజరి. నా చెయ్యంత లావు. సరే, నా మణికట్టంత.

కామేశ్వరమ్మ చీర కొంగు చింపి, కోనసీమలో ఫోన్‌లో మంత్రం వేసే మనిషి నంబరు వెతకడం మొదలుపెట్టింది. శ్రీలలిత చెయ్యి అప్పటికే బూరెలా ఉబ్బుతోంది. అయినా తెలివైన పిల్ల. "మంత్రం తర్వాత వేయించుకుందాం. ఆ గుడ్డ కట్టకు. ఆటో పిలువు," అంది.

సర్కారు దవాఖానాలో అదృష్టం కొద్దీ మంచం దొరికింది. డాక్టరమ్మ చూడ్డానికి ఇంటర్మీడియట్ పిల్లలా ఉంది కానీ చేతులు వణకలేదు. శ్రీలలిత రక్తం కొంచెం తీసి, శుభ్రమైన గాజు గొట్టంలో పోసి, స్టాండులో నిలబెట్టింది.

"ఇరవై నిమిషాలు దీన్నెవరూ కదపొద్దు. గడ్డకడితే పర్లేదు. కట్టలేదంటే విషం రక్తంలోకి వెళ్ళినట్టే. లోపల ఎక్కడపడితే అక్కడ రక్తం కారుతుంది. కిడ్నీలు కూడా దెబ్బతింటాయి."

కామేశ్వరమ్మ ఆ గొట్టాన్ని చూస్తూ కూర్చుంది. నూనె డబ్బా గీతని చూసినట్టు, జాడీ ముడిని చూసినట్టు, రెప్ప వెయ్యకుండా. బంగాళాఖాతం కూడా గడ్డకట్టేది ఆ చూపుకి. ఆ రెండు చెంచాల రక్తం మాత్రం కట్టలేదు. ఇరవై నిమిషాలయ్యాక సిస్టర్ ప్రిసిల్లా గొట్టాన్ని వంచితే నీళ్ళలా జారింది. శ్రీలలిత పళ్ళ చిగుళ్ళ దగ్గర సన్నగా ఎర్రటి గీత.

"పది వయల్స్ ఎక్కిస్తున్నామమ్మా," అంది ప్రిసిల్లా, తెల్లటి పొడి ఉన్న చిన్న సీసాలు ఒక్కొక్కటే కరిగిస్తూ. "భయపడకండి. గుర్రాల నించి తీసిన మందిది. మంచిగా పనిచేస్తది."

ఆ మాట విని కామేశ్వరమ్మ పాదాల నించి పైకి చల్లగా ఏదో పాకింది.

మందు ఎక్కింది. ఆరు గంటల తర్వాత మళ్ళీ పరీక్ష. మళ్ళీ రక్తం, మళ్ళీ గాజు గొట్టం, మళ్ళీ ఇరవై నిమిషాలు. గోడ గడియారంలో మూడు కావస్తోంది. శ్రీలలిత కళ్ళు మూసుకుని ఉంది. పెదవులు తెల్లగా.

వరండా చివర...

టక్... టక్... టక్... జర్ర్...

కామేశ్వరమ్మ తల తిప్పలేదు. తిప్పితే కనిపిస్తుందేమోనని. కనిపించదేమోనని కూడా.

టక్... టక్... టక్... జర్ర్...

పక్క మంచం ముసలాయన గురక పెడుతున్నాడు. ఎవరికీ వినపడటం లేదు. కానీ ఒక్కో అడుగుకీ గాజు గొట్టంలో రక్తం వణుకుతోంది. ప్రిసిల్లా ముక్కు ఎగబీల్చింది. "ఇక్కడికి గడ్డి ఎవరు తెచ్చిన్రు?" అంది చుట్టూ చూస్తూ.

మంచం పక్కన ఆగింది.

కామేశ్వరమ్మ మెడ మీద వెచ్చగా, తడిగా ఊపిరి. కడ్డీకి వేలాడుతున్న మందు సీసా తనంతట తనే అటూ ఇటూ ఊగింది. ఏదో దాన్ని వాసన చూస్తోంది... కిందికి వచ్చింది. శ్రీలలిత చెయ్యి వాసన చూసింది... భుజం... నుదురు. పిల్ల వెంట్రుకలు గాలికి కదిలాయి. కిటికీలు మూసే ఉన్నాయి.

పెద్దగా ముక్కు చీదింది. బక్కెట్ దగ్గర చీదినట్టే.

తర్వాత... వెనక్కి. టక్. టక్. టక్. జర్ర్.

ప్రిసిల్లా గొట్టం వంచింది. రక్తం నీళ్ళలా జారింది.

"ఇంకో పది స్టార్ట్ చేయండి," అంది డాక్టరమ్మ. ఆమె గొంతులో మొదటిసారి కొంచెం తొందర.

కామేశ్వరమ్మకి అప్పుడర్థమయింది. బతికున్నన్నాళ్ళూ సారం ఇచ్చి, పిప్పి ఎక్కించుకుంది అది. చచ్చాక కూడా వచ్చిన దానికి తను పెట్టిందేమిటి? సారం తీసిన ఉలవలు. ఇప్పుడు దాని సారమే తన కూతురి ఒంట్లోకి ఎక్కుతోంది. దానికి ఇష్టమైతే పనిచేస్తుంది. ఇష్టం లేకపోతే?

"సిస్టరమ్మా, దీన్ని చూస్తూ ఉండు," అని పరిగెత్తింది. అరవైరెండేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు. ఆ రోజు పరుగుకి ఆటోవాళ్ళే వెనకబడ్డారు.

ఇంటికొచ్చి గుండిగ మీద పొత్రం తోసేసింది. గృహప్రవేశం చారంతా, బిందెడూ, మలుపులోకి మోసుకెళ్ళింది. డబ్బాలో బెల్లం మొత్తం అందులో వేసింది. ఇంకా ఏదో తక్కువ. మొదటి పిడికెడు చేత్తో తినిపియ్యాలె... అతని మాట చెవిలో మోగింది. మూట బోర్లించి దులిపింది. మూలన, కుట్టు సందులో ఇరుక్కుని పచ్చి ఉలవలు మిగిలాయి. సరిగ్గా పిడికెడు.

అరచేతిలో పోసుకుని, మలుపులో మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి చాచింది. కళ్ళు మూసుకుంది.

"తల్లీ," అంది గుసగుసగా. "తప్పయింది. తిను."

ఏమీ లేదు. పట్టాల మీద ఏదో రైలు పోయింది. మళ్ళీ నిశ్శబ్దం.

టక్.

కింది మెట్టు.

టక్... టక్... జర్ర్...

వాసన ముందొచ్చింది. తడిగడ్డి. చెమట. మందు. ఎదురుగా ఏదో వెచ్చగా, పెద్దగా, మెట్లకి అడ్డంగా నిలబడింది. ఎక్కడినించో చుక్క... చుక్క... మెడ ఎత్తులోంచి మెట్టు మీద పడుతోంది. ఆవిడ చేతిలోంచి ఉలవలు రెండు జారాయి.

మెత్తటి పెదవులు అరచేతిని తాకాయి. ముళ్ళలాంటి వెంట్రుకలు. పళ్ళు ఒక్కటి కూడా తగల్లేదు. పసిపిల్ల చేతిలోంచి తిన్నంత జాగ్రత్తగా తింది. చివరికి నాలుకతో అరచెయ్యంతా నాకింది.

అయిపోయిందనుకుంది కామేశ్వరమ్మ. కళ్ళు తెరవబోయింది.

టక్ టక్ టక్ టక్.

ఈడ్చడం లేదు. నాలుగు కాళ్ళు.

దాని వెనక ఇంకోటి. దాని వెనక... మెట్లన్నీ నిండిపోతున్నట్టు, గోడలు రాసుకుంటున్నట్టు. గుండిగలో మూతులు పడ్డాయి. ఒకటి కాదు. తాగుతున్న చప్పుడు. ఆవిడ రెప్పలు బిగించి, మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయింది. ఎంతసేపో నాకు తెలీదు. ఆవిడకీ తెలీదు. కళ్ళు తెరిచేసరికి గుండిగ అడుగున తన మొహం కనిపించింది, తోమినట్టు తళతళలాడుతూ.

రాత్రి తొమ్మిదింటికి ప్రిసిల్లా గాజు గొట్టం వంచింది. రక్తం కదల్లేదు. ఇంకా వంచింది. తలకిందులు చేసింది. జున్నుముక్కలా అతుక్కుని ఉంది.

"పిల్ల బయటపడింది," అంది డాక్టరమ్మ. కామేశ్వరమ్మ ఆ గాజు గొట్టానికి దండం పెట్టింది.

ఇక్కడితో ఆపితే ఎంత బాగుండును. నాకూ గొంతు ఎండుతోంది. కానీ ఒట్టు పెట్టుకున్నాను కదా.

శ్రీలలిత ఇంటికొచ్చిన వారానికి జ్వరం వచ్చింది. కీళ్ళ నొప్పులు, ఒంటినిండా దద్దుర్లు. గుర్రం మందు పడిన వాళ్ళలో కొందరికి ఇలా అవుతుందనీ, తగ్గిపోతుందనీ డాక్టరమ్మ మాత్రలిచ్చింది. తగ్గిపోయింది. అందులో అనుమానించడానికి ఏమీ లేదు.

అప్పటికి అల్లాఉద్దీన్ తిరిగొచ్చాడు, ఒక కంటికి నల్లద్దం పెట్టుకుని. కామేశ్వరమ్మ జరిగిందంతా దాచకుండా చెప్పింది. పిప్పి సంగతి కూడా. అతను తిట్టలేదు. నాలుగు కాళ్ళ సంగతి చెప్పినప్పుడు మాత్రం చాయ్ కప్పు కింద పెట్టాడు.

"అమ్మా, ఒక్క సీసాల ఒక్క గుర్రం ఉండదు. ఎన్నో గుర్రాల తేట కలిపి చేస్తరు. పాపకు ఇరవై సీసాలు ఎక్కిచ్చిన్రు."

"అయితే?"

"అయితే ఏంది... అందరు వచ్చిన్రు. ఎవ్వరిల తమది ఉన్నదో సూసుకోనికి."

మర్నాడు మూడింటికి ఇద్దరూ పై మెట్టు మీద కూర్చున్నారు. చప్పుడు మొదలయింది. అల్లాఉద్దీన్ కళ్ళు మూసుకుని విన్నాడు. "ఇది బాదం," అన్నాడు. "గిది రేష్మ, తొందర జాస్తి... ఇది యాభైరెండు, దీనికి పేరు పెట్టలే, పాపం... గా ఎన్కది సుల్తాన్." అతని బాగున్న కంట్లోంచి నీళ్ళు కారాయి. "నలుగురు."

ఆ రోజు నించి నాలుగు బక్కెట్లు. అతను ఐదోది కూడా పెట్టాడు.

"నలుగురే అన్నావుగా?" అంది కామేశ్వరమ్మ. అనుమానం ఎక్కడికి పోతుంది?

"కొత్తగ వచ్చే గుర్రానికి ఒకటి ఎక్కువ పెట్టాలె. అది సుత ఫారం రివాజే. కొత్తది ఎవ్వరు రాకుంటే అట్లనే ఉంటది."

నెల రోజులు అలాగే ఉంది. నాలుగు ఖాళీ, ఒకటి నిండుగా. వీధిలో ఎవరికీ చెప్పలేదు, నాకు తప్ప. నాకు చెప్పడమంటే వీధికి చెప్పినట్టేనని ఆవిడకి తెలీదు.

ఇప్పటికి పది రోజులయింది, ఐదో బక్కెట్ కూడా ఖాళీ అవుతోంది.

అల్లాఉద్దీన్ రోజూ చెవొగ్గి వింటున్నాడు. నలుగురి అడుగులే వినపడుతున్నాయట. ఐదో దానికి చప్పుడు లేదు. గిట్టల చప్పుడే లేదు. "నాకు ఎరుక లేదమ్మా, ఇదెవ్వరో," అంటాడు. పరేషాన్‌గా అంటాడు. ముప్ఫైనాలుగేళ్ళు గుర్రాలతో ఉన్న మనిషి.

శ్రీలలిత బాగానే ఉంది. చక్కగా ఉద్యోగానికి వెళ్ళొస్తోంది. డ్యూటీ మాత్రం పొద్దుటి షిఫ్ట్‌కి మార్పించుకుంది, రెండున్నరకల్లా ఇంట్లో ఉంటుంది. అన్నం దగ్గర పిలిస్తే ఆకలి లేదంటోంది. చిక్కిందా అంటే లేదు. జుట్టు చూడాలి నువ్వు, మోకాళ్ళ దాకా పెరిగింది, నిగనిగలాడుతోంది. కామేశ్వరమ్మ మాత్రం కూతురి కంచం వంక చూస్తుంది, బక్కెట్ల వంక చూస్తుంది, ఏమీ అనదు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ అనుమానం పైకి చెప్పకుండా మింగడం ఇదే మొదటిసారి.

సరే, పొద్దు పోతోంది. నువ్వెలాగూ మార్కెట్‌కే కదా. ఆవిడకి ఉలవలు కావాలట, ఇవాళ నన్ను తెమ్మంది. నా కాళ్ళు చూస్తున్నావుగా. ఇదిగో, నా సంచి తీసుకెళ్ళి ఎనిమిది కిలోలు తే. నల్లవి, పుచ్చు లేనివి. సంచి మూతి గట్టిగా కుట్టించు. ఆకుపచ్చ గేటు తీసుకుని వెళ్ళి మెట్ల కింద గూట్లో పెట్టేసి రా. మూడు లోపలే వెళ్ళు. శ్రీలలిత ఎదురొచ్చి ఏం తెచ్చావని అడిగితే బియ్యమని చెప్పు. అడక్కుండానే సంచి దగ్గరికి వంగి వాసన చూసిందనుకో...

సంచి అక్కడే వదిలేసి వచ్చెయ్. సంచి నాదే, తర్వాత తెచ్చుకుంటాలే.